పెరుగుతున్న నగరం – దస్తర్‌ఖాన్ వైశాల్యం

(ఒక బస్తీ సంక్షేమ సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నగరంలో భోజనం, స్నేహం, సామూహిక జీవనం అనే అంశంపై మాట్లాడమని నిర్వాహకులు నన్ను కోరారు. విద్య, ఉద్యోగాలు, రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు వంటి ఇన్ని సమస్యలుండగా తిండి గురించీ, కబుర్ల గురించీ ప్రసంగమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ సందేహం న్యాయమైనదే. అయితే ఒక్క విషయం ఆలోచించండి. హక్కులు మనకెందుకు కావాలి? మనిషి తలెత్తుకొని నలుగురిలో బతకడానికే కదా! నలుగురిలో బతకడమంటే నలుగురితో కూర్చొని తినడం, మాట్లాడడం, నవ్వడం, ఒకరి ఇంటి శుభానికీ అశుభానికీ మరొకరు వెళ్లడం. ఆ వీలు లేనినాడు మిగిలిన హక్కులు కాగితం మీద ఉన్నా ఫలితం తక్కువే. నగరం ఎంత పెరిగిందన్నది ఫ్లైఓవర్లతోనూ అంతస్తులతోనూ కొలవడం అందరూ చేస్తున్నారు. ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర ఎన్ని రకాల మనుషులు కూర్చోగలుగుతున్నారన్నది నా కొలబద్ద.

మన హైదరాబాదునే చూడండి. 1591లో చార్మినార్‌తో మొదలైన ఊరు ఇది. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను కలుపుకొని మహానగరపాలక సంస్థగా మారింది. నాడు పొలాలు, గుట్టలు ఉన్న పడమటి దిక్కున నేడు అద్దాల మేడలున్నాయి. ఈ నాలుగు వందల ఏళ్లలో వచ్చినవారెవరూ వట్టి చేతులతో రాలేదు. నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చిన అరబ్బులు బార్కస్‌లో స్థిరపడి హరీస్ వండారు. ఆ హరీస్ మన మసాలాలు, మన నెయ్యి, మన వంటవాళ్ల చేతివాటం కలిసి హలీమ్‌గా పేరు తెచ్చుకుంది. ఇరాన్ నుంచి వచ్చినవారు చాయ్ హోటళ్లు తెరిచారు. తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవారు చింతపండు పులుపునూ, జొన్నరొట్టెనూ తెచ్చారు. తీరాంధ్ర నుంచి వచ్చినవారు గోంగూరనూ, ఆవకాయనూ తెచ్చారు. 2010లో హైదరాబాద్ హలీమ్‌కు భౌగోళిక గుర్తింపు లభించింది. 2019లో యునెస్కో ఈ నగరాన్ని వంటకళకు సంబంధించిన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. ఈ గౌరవాలకు మనం గర్వించవలసిందే. కానీ ఆ గౌరవం వంటకానికి మాత్రమే దక్కి, వండిన చేతికీ, కలిసి తిన్న సంప్రదాయానికీ దక్కకపోతే అది సగం గౌరవమే అవుతుంది.

ఇరానీ హోటల్ గురించి రెండు మాటలు చెప్పాలి. నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయాల్లో గుమాస్తాగా పనిచేసినవాణ్ని. సాయంత్రం ఫైళ్లు కట్టేశాక మా సెక్షన్‌వాళ్లం నలుగురం వెళ్లేది ఇరానీ హోటల్‌కే. పాలరాతి బల్ల, చెక్క కుర్చీలు, రెండు కప్పులు నలుగురికి. పక్క బల్ల దగ్గర ఆటో డ్రైవరు, ఆ పక్కన మార్వాడీ వ్యాపారి, వెనక కాలేజీ కుర్రాళ్లు, మూలన పత్రిక చదువుకొనే వృద్ధుడు. ఉస్మానియా బిస్కట్టును చాయ్‌లో ముంచడానికి ఏ మతమూ ఏ కులమూ అడ్డు రాలేదు. ఒక్క కప్పు తాగి గంటసేపు కూర్చున్నా లెమ్మనేవారు కాదు. ఎవరికి ఎక్కడ ఉద్యోగం ఖాళీ ఉంది, ఏ ఆసుపత్రిలో మంచి వైద్యుడున్నాడు, పిల్లవాణ్ని ఏ బడిలో చేర్చాలి వంటి సమాచారమంతా పేదవాడికి అక్కడే దొరికేది. అందుకే దాన్ని నేను వ్యాపారంగా మాత్రమే చూడను.

మధ్యాహ్నం భోజన విరామంలోనూ అంతే. మా ఇంటి దాల్చా బ్రాహ్మణ మిత్రుడి బల్ల మీదకు వెళ్లకపోయినా, ఆయన ఇంటి పులిహోర మాకు వచ్చేది. ఆయన కోసం మా ఇంట్లో ఖుబానీ కా మీఠా విడిగా గిన్నెలో కట్టి ఇచ్చేవారు. ఎవరి నియమం వారిదే, స్నేహం మాత్రం అందరిదీ. ఒకరు తిననిది మరొకరు తినడం తప్పు కాదనే సంస్కారం ఆ గదిలో ఉండేది.

ఇప్పుడు ఆ మూల హోటళ్లు ఒక్కొక్కటిగా మూతబడుతున్నాయి. కూడలిలోని స్థలం ధర పెరిగాక, ఒక్క కప్పుకు గంటసేపు కుర్చీ ఇచ్చే వ్యాపారం నిలవడం కష్టం. కొత్త ప్రాంతాల్లో వెలసిన కాఫీ దుకాణాల్లో ఒక కప్పు ధర రోజు కూలీకి అందేది కాదు. భోజనం ఫోనులో అడిగితే గడప దగ్గరకు వస్తోంది. అది తెచ్చే కుర్రవాడి ముఖం కూడా మనం సరిగా చూడడం లేదు. తిండి పెరిగింది, రుచులు పెరిగాయి, కలిసి కూర్చొనే చోటు తగ్గింది.

ఇంతకంటే బాధాకరమైనది ఇంటి సమస్య. ఉద్యోగం కోసం నగరం పడమటి వైపు ఇల్లు వెతుక్కొనే మన యువకులు ఏం వింటున్నారో మీకు తెలుసు. ఫోనులో అన్నీ కుదురుతాయి, అడ్వాన్సు మాట కూడా అయిపోతుంది, పేరు చెప్పగానే “మాంసం తినేవాళ్లకు ఇవ్వం” అంటారు. మా బంధువుల అబ్బాయికి ఇదే జరిగింది. విచిత్రమేమంటే, ఆ భవనంలోనే మాంసం తినే ఇతర కుటుంబాలు ఉన్నాయి. అంటే అక్కడ వంటగది ఒక సాకు, అడ్డు వచ్చింది పేరు. ముస్లిములకు ఇళ్లు అద్దెకు దొరకడం, కొనుక్కోవడం కష్టమవుతున్న సంగతిని 2006లో సచార్ కమిటీ నివేదిక కూడా ప్రస్తావించింది. ఇలా అద్దె దొరకనివారంతా పాత ప్రాంతాలకే తిరిగి వస్తే, చూసేవారు “వీళ్లు వేరుగానే ఉంటారు” అని నిందిస్తారు. తలుపు మూసినవారే బయట ఉన్నావేమని అడగడం ఎక్కడి న్యాయం?

ఈ సందర్భంలో రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండవ క్లాజును మీ పిల్లలకు చదివి వినిపించండి. దుకాణాలు, భోజనశాలలు, హోటళ్లు, ప్రజా వినోద స్థలాల్లో ప్రవేశానికి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన స్థలం కారణంగా ఏ పౌరుడినీ అడ్డగించరాదని అది చెబుతోంది. ప్రభుత్వ ధనంతో నడిచే లేదా ప్రజలకు అంకితమైన బావులు, చెరువులు, రోడ్లు, ప్రజలు కలుసుకొనే స్థలాలకు కూడా అదే వర్తిస్తుంది. అంత పెద్ద గ్రంథంలో భోజనశాలను పేరు పెట్టి ఎందుకు రాశారు? దళితులకు వేరే గ్లాసు పెట్టి, గడప బయట నిలబెట్టి చాయ్ పోసిన దేశం కాబట్టి రాశారు. డాక్టర్ అంబేడ్కర్ వంటివారు ఆ అవమానాన్ని స్వయంగా అనుభవించినవారు. కలిసి కూర్చొని తినడం విలాసం కాదని, పౌరసత్వంలో భాగమని రాజ్యాంగమే గుర్తించింది. దళిత సోదరుల పోరాటం వల్ల వచ్చిన ఆ రక్షణ నీడలో మనమూ ఉన్నామని మరచిపోరాదు.

అయితే ఆ రక్షణ హోటల్ గుమ్మం దాకా వచ్చింది, ప్రైవేటు ఇంటి గుమ్మం దాకా ఇంకా రాలేదు. ఒక సహకార గృహ నిర్మాణ సంఘం తన సభ్యత్వాన్ని ఒకే మతవర్గానికి పరిమితం చేసుకోవడాన్ని 2005లో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి అద్దె ఇళ్లలో వివక్షను నిషేధించే స్పష్టమైన చట్టం కావాలని అడగడం మన కర్తవ్యం. ఇది ముస్లిముల కోరిక మాత్రమే కాదు. ఒంటరి మహిళలు, దళితులు, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన విద్యార్థులు కూడా ఇవే తలుపులు తడుతున్నారు. వారితో కలిసి అడిగితే మన గొంతుకు బలం వస్తుంది.

రెండవ విషయం వీధి వ్యాపారులది. పండ్ల బండి, మిర్చి బజ్జీల బండి, రంజాన్ సాయంత్రాల్లో హలీమ్ బల్ల, ఇవి లేకుండా నగర భోజనం లేదు. వాటి వెనుక ఉన్నవారిలో మనవాళ్లు ఎంతోమంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా మొదట కదిలేది ఆ బండే. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ చట్టం చేసింది. సర్వే పూర్తయి, వ్యాపార ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించరాదని అందులో ఉంది. ఆ తరువాత తొలగించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి ప్రతి ఇవ్వాలి. నిర్ణీత రుసుము చెల్లించి అడిగితే పాడైపోయే సరుకును అదే రోజు, మిగిలినదాన్ని రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే ఉండాలి. వారిలో మూడోవంతు మహిళలు ఉండాలి, మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. మన బస్తీలో ఎంతమంది బండివాళ్లకు ఈ సంగతి తెలుసు?

గుమాస్తాగా నాకు తెలిసిన విద్య ఒకటే, అది మీకు చెబుతాను. నోటి మాటగా మొరపెట్టుకోకండి. అర్జీ రెండు ప్రతులు రాయండి. ఒకటి ఇన్‌వార్డులో ఇచ్చి, రెండోదానిపై తేదీ, ముద్ర, సంతకం వేయించుకోండి. కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ అర్జీ ఏ బల్ల మీద ఉందో అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వడం వారి విధి. రసీదు లేని అర్జీకి కార్యాలయంలో పుట్టుకే లేదు.

ఇక మన వంతు. ఇతరులను అడిగే ముందు మన దస్తర్‌ఖాన్‌ను మనం చూసుకోవాలి. వలీమా విందులు ఏ స్థాయికి వెళ్లాయి? పది రకాల వంటలు, అద్దెకు తెచ్చిన ఆడంబరం, తరువాత ఏళ్ల తరబడి అప్పు. పక్క వీధిలోని పేదవాడు తన బిడ్డ పెళ్లి గురించి తలచుకొని రాత్రి నిద్రపోలేని స్థితి తెచ్చింది మనమే. దావత్ అంటే పిలుపు. ప్రదర్శన అని అర్థం లేదు. బగారా అన్నం, దాల్చా, ఒక కూర, ఒక తీపి చాలు. మిగిలిన డబ్బుతో ఆ అమ్మాయి చదువు పూర్తవుతుంది.

మనలో మనకు కూడా గోడలున్నాయి. ఉర్దూ బాగా మాట్లాడేవాడు తెలుగు మాట్లాడే దూదేకుల సోదరుణ్ని చిన్నచూపు చూడడం, వృత్తిని బట్టి బంతిలో చోటు మార్చడం ఇంకా పోలేదు. ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడి, భోజనానికి వచ్చేసరికి విడిపోతే బయటివారి వివక్షను ఏ ముఖంతో ప్రశ్నిస్తాం?

మహిళల మాట కూడా చెప్పాలి. పురుషుడికి హోటల్ ఉంది, మసీదు మెట్లున్నాయి, కూడలి అరుగు ఉంది. మన అక్కచెల్లెళ్లు కాసేపు కూర్చొని మాట్లాడుకొనే చోటు ఈ బస్తీలో ఏది? దీపాలు వెలిగే పార్కు, శుభ్రమైన మరుగుదొడ్డి, రాత్రి తొమ్మిదింటికి బస్సు – ఈ మూడూ ఉంటేనే నగరం వారిది కూడా అవుతుంది. మన అర్జీల్లో ఈ మూడూ మొదటి వరుసలో ఉండాలి.

ఆనందం వృథా ఖర్చని అనేవారికి మన నుమాయిష్‌ను చూపిస్తాను. 1938లో ఉస్మానియా పట్టభద్రులు మొదలుపెట్టిన ఆ మేళాకు ఇప్పటికీ ఏటా జనవరిలో నగరమంతా కదలి వస్తుంది. దాని ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ ఆడపిల్లల కళాశాలలతో సహా ఎన్నో విద్యాసంస్థలను నడుపుతోంది. అంటే నగరవాసుల సాయంత్రపు సంతోషం ఎవరో అమ్మాయి డిగ్రీగా మారింది. పల్లెల్లో పీర్ల పండుగకు హిందూ సోదరులు పీరు ఎత్తుకొని నడవడం, మలీదా పంచుకోవడం మీలో చాలామంది చిన్నప్పుడు చూసే ఉంటారు. ఆ సంస్కారం నగరానికి వచ్చి తలుపు వేసుకోవలసిన అవసరం లేదు.

కాబట్టి ఈ సభ ముందు మూడు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. నెలకొక ఆదివారం ఈ కమ్యూనిటీ హాలులోనే బస్తీ భోజనం పెట్టుకుందాం. ప్రతి ఇల్లూ ఒక గిన్నె తెస్తుంది, చందా లేదు. శాకాహారుల కోసం వేరే పొయ్యి, వేరే గిన్నెలు, వేరే గరిటెలు ఉండాలి. పక్కవాడి నియమాన్ని కాపాడడం మేజ్బాన్‌కు మొదటి మర్యాద. రెండవది, మన యువకులు ఈ వీధుల్లోని ప్రతి బండి వ్యాపారి వివరాలూ మతంతో పని లేకుండా రాసి, వారి పక్షాన అర్జీ పెట్టాలి. మూడవది, ఇల్లు నిరాకరించబడిన ప్రతి సంఘటననూ తేదీతో సహా నమోదు చేయాలి. కోపం రెండు రోజుల్లో చల్లారుతుంది, రాసిపెట్టిన లెక్క చట్టసభ ముందు నిలుస్తుంది.

ఈ రోజు వంట సిద్ధంగా ఉందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు, ఇక మిమ్మల్ని ఆపను. ఒక్క మనవి. భోజనానికి కూర్చున్నప్పుడు మీకు బాగా తెలిసినవారి పక్కన కూర్చోకండి. ఇంతవరకు పేరు తెలియని మనిషి పక్కన కూర్చొని, ఆయన ఊరేదో, ఆయన ఇంట్లో పండుగకు ఏం వండుతారో అడగండి.

సెలవు. ఖుదా హాఫిజ్.