ఎన్‌బీఏ వద్దంది, మరి ఆంటోనియో గేట్స్ ఏం చేశాడు?

ఈ ఎపిసోడ్ అసలు ప్లాన్‌లో లేదు. ఈ వారం వేరే టాపిక్‌కి స్క్రిప్ట్ రాసి పెట్టుకున్నాను. మొన్న రాత్రి ఒక మెసేజ్ వచ్చింది, దాంతో ఆ స్క్రిప్ట్ పక్కన పెట్టేశా.

మెసేజ్ పెట్టిన తమ్ముడికి 24 ఏళ్లు. వాలీబాల్ ఆడతాడు, అటాకర్. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. రెండేళ్ల నుంచి సెలెక్షన్స్‌కి వెళ్తున్నాడు, చివరి లిస్టులో పేరు ఉండట్లేదు. వాళ్ల కోచ్ "నువ్వు లిబెరోకి మారు" అన్నాడట. లిబెరో అంటే వేరే రంగు జెర్సీ వేసుకుని వెనక నిలబడి బంతి లేపేవాడు, అంతే. స్మాష్ కొట్టడం ఉండదు, బ్లాక్ ఉండదు. తమ్ముడు ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో కూడా రాశాడు: "అన్నా, నీ పాత వీడియోలో నచ్చిన పని విషయంలో రాజీ పడకూడదని చెప్పావు కదా, అది చూసే ఇంకో ఏడాది ఆగాను."

ఆ లైన్ చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో చివర్లో చెప్తాను, ఎందుకంటే ఆ పాత వీడియోలో నేను ఒక విషయం దాచాను. ముందు ఒక మనిషి కథ చెప్పాలి. పేరు ఆంటోనియో గేట్స్. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. మనలో చాలామందికి ఆ ఆటే తెలీదు, పర్లేదు, కావలసినంత నేను చెప్తా.

గేట్స్ 1980లో డెట్రాయిట్‌లో పుట్టాడు. స్కూల్లో రెండు ఆటలు ఆడాడు, ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్. రెండింట్లోనూ గట్టోడే. కానీ మనసంతా బాస్కెట్‌బాల్ మీదే. మిచిగన్ స్టేట్ యూనివర్సిటీ పిలిచింది. అక్కడ ఫుట్‌బాల్ కోచ్ నిక్ సేబన్. తర్వాతి రోజుల్లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏడు జాతీయ టైటిళ్లు గెలిచిన సేబన్ ఈయనే. ఆయన మాట సూటిగా ఉంది: బాస్కెట్‌బాల్ వదిలెయ్, ఫుట్‌బాల్ మాత్రమే ఆడు. కుర్రాడికి 18 ఏళ్లు. వదలనన్నాడు, యూనివర్సిటీనే వదిలేశాడు.

తర్వాత ఈస్టర్న్ మిచిగన్, ఆ తర్వాత కాలిఫోర్నియాలో ఒక జూనియర్ కాలేజీ, చివరికి ఒహాయోలోని కెంట్ స్టేట్. చూశారా, మన దగ్గర ఇన్ని కాలేజీలు మారితే చుట్టాలు ఫంక్షన్లలో ఏమంటారో మీకు తెలుసు.

కెంట్ స్టేట్‌లో మాత్రం దుమ్ము రేపాడు. 2002లో ఆ టీమ్‌ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, పదో సీడ్. అలాంటిది అలబామాని కొట్టింది, పిట్స్‌బర్గ్‌ని కొట్టింది, దేశం మొత్తంలో చివరి ఎనిమిది జట్లలో నిలబడింది. మరుసటి ఏడాది గేట్స్ సగటున మ్యాచ్‌కి 20 పాయింట్లు దాటి కొట్టాడు. ఇంకేం, ఎన్‌బీఏ ఖాయం అనుకుంటాం కదా?

ఎన్‌బీఏ స్కౌట్లు వద్దన్నారు. కారణం ఎత్తు. గేట్స్ ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు. మన ఊళ్లో అయితే గుమ్మం దగ్గర తల వంచుకుని రావాలి. కానీ అతను ఆడే స్థానం పవర్ ఫార్వర్డ్. అక్కడ ఎన్‌బీఏలో 6 అడుగుల 8, 9 అంగుళాల మనుషులుంటారు. పోనీ బయట నుంచి షూట్ చేసే గార్డ్‌గా వేద్దామంటే అతని ఆట అది కాదు. ఇటు చాలడు, అటు ఇమడడు. అమెరికాలో ఇలాంటివాళ్లని "ట్వీనర్" అంటారు. మధ్యలో ఇరుక్కుపోయినవాడు అన్నమాట.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఇది "నువ్వు కష్టపడలేదు" అనే రిజెక్షన్ కాదు. ఇంకో పదేళ్లు ప్రాక్టీస్ చేసినా నాలుగంగుళాలు పెరగవు. నా పాత వీడియోలో ఈ రకం రిజెక్షన్ గురించి ఒక్క ముక్క లేదు.

గేట్స్ ఏం చేశాడంటే, ఎన్ఎఫ్ఎల్ స్కౌట్లని పిలిచి తన ఆట చూపించాడు. కాలేజీలో ఒక్కటంటే ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడని కుర్రాడు! 2003 డ్రాఫ్ట్‌లో 262 మందిని తీసుకున్నారు, అందులో ఇతని పేరు లేదు. డ్రాఫ్ట్ అయిపోయాక శాన్ డియాగో చార్జర్స్ ఫ్రీ ఏజెంట్‌గా తీసుకుంది. అంటే పెద్ద ఆశలేమీ లేకుండా, చూద్దాంలే అని.

ఇచ్చిన స్థానం టైట్ ఎండ్. అమెరికన్ ఫుట్‌బాల్ క్లుప్తంగా: నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోతే మళ్లీ నాలుగు వస్తాయి, అలా అవతలి చివర దాకా పోతే టచ్‌డౌన్, 6 పాయింట్లు. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. అతన్ని కాపాడటానికి ముందు లావుపాటి మనుషుల వరస ఒకటి ఉంటుంది. బయట దూరంగా సన్నగా, వేగంగా పరిగెత్తి బంతి పట్టేవాళ్లు ఉంటారు. ఆ లావు వరస చివర్న, దానికి అంటుకుని నిలబడేవాడే టైట్ ఎండ్. ఒకసారి గోడలా అడ్డం నిలబడాలి, ఇంకోసారి పరిగెత్తి బంతి పట్టాలి. ఆ పొజిషన్ పుట్టుకే మధ్యస్థం. ట్వీనర్ల కోసమే పెట్టినట్టుంటుంది.

నాకు బాగా నచ్చిన పార్ట్ ఇది, కాబట్టి కొంచెం సాగదీస్తా. బాస్కెట్‌బాల్‌లో బంతి రింగుకి తగిలి వెనక్కొచ్చేటప్పుడు రీబౌండ్ పట్టాలి కదా. ఎత్తు తక్కువున్నవాడు ఎలా పడతాడు? ముందే ఎదుటివాడిని వీపుతో, నడుముతో వెనక్కి నెట్టి చోటు సంపాదించుకుంటాడు. దీన్ని బాక్స్ ఔట్ అంటారు. తనకన్నా నాలుగైదు అంగుళాలు పొడుగైన వాళ్ల మధ్య గేట్స్ ఏళ్ల తరబడి చేసింది ఇదే. ఇప్పుడు అదే మనిషిని ఫుట్‌బాల్ మైదానంలో పెట్టండి. ఎదురుగా కాపలా కాసేది ఎవరు? లైన్‌బ్యాకర్ అయితే బరువుంటాడు గానీ, గేట్స్ పాదాల వేగం అందుకోలేడు. సేఫ్టీ అయితే వేగం ఉంటుంది గానీ, చిన్న మనిషి. గేట్స్ వెళ్లి వాడికి వీపు చూపించి నిలబడితే, క్వార్టర్‌బ్యాక్ కొంచెం ఎత్తులో విసిరితే చాలు. రీబౌండ్ పట్టినట్టు గాల్లో లేచి రెండు చేతులతో లాక్కుంటాడు. వెనకున్నవాడికి జెర్సీ నంబరు 85 తప్ప ఏమీ కనపడదు.

ఎన్‌బీఏలో పొట్టివాడైన మనిషి ఇక్కడ పొడుగువాడైపోయాడు. ఒంట్లో ఏమీ మారలేదు, ఎదురుగా నిలబడే మనుషులు మారారు.

మొదటి ఏడాది 24 క్యాచ్‌లు, టీమ్ 4 గెలిచి 12 ఓడింది. ఎవరూ పట్టించుకోలేదు. 2004లో 81 క్యాచ్‌లు, 13 టచ్‌డౌన్లు. ఒక సీజన్‌లో టైట్ ఎండ్‌కి అప్పటికి అదే రికార్డు. 2005 సీజన్‌కి ముందు జీతం దగ్గర పేచీ వచ్చింది, మేనేజ్‌మెంట్ పెట్టిన గడువు దాటాక సంతకం చేశాడు, దాంతో మొదటి మ్యాచ్ ఆడనివ్వలేదు. ఆ మ్యాచ్ డాలస్ చేతిలో నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. అప్రైజల్ టైంలో మన టీమ్ లీడ్లు గుర్తొచ్చారా? సరే, వదిలేద్దాం.

2004 నుంచి 2011 వరకు వరసగా ఎనిమిది ప్రో బౌల్స్. క్వార్టర్‌బ్యాక్ ఫిలిప్ రివర్స్ విసిరితే గేట్స్ పట్టిన టచ్‌డౌన్లే 89. ఇక్కడ ఆపేస్తే ఇది మామూలు మోటివేషన్ వీడియో అవుతుంది, మీరు షేర్ చేస్తారు, నాకు వ్యూస్ వస్తాయి. కానీ మిగతాది కూడా చెప్పాలి.

గేట్స్ సూపర్ బౌల్ గెలవలేదు. గెలవడం సంగతి అటుంచి, 16 సీజన్లలో ఒక్కసారి కూడా ఆ ఫైనల్ ఆడలేదు. 2004 సీజన్ ప్లేఆఫ్స్‌లో న్యూయార్క్ జెట్స్ మీద ఆఖరి సెకన్లలో టచ్‌డౌన్ పట్టి స్కోరు సమం చేశాడు. ఓవర్‌టైంలో వాళ్ల కిక్కర్ 40 గజాల కిక్ మిస్సయ్యాడు, మ్యాచ్ పోయింది. 2006లో 14 గెలిచి 2 మాత్రమే ఓడిన టీమ్, ప్లేఆఫ్స్‌లో మొదటి మ్యాచ్‌కే ఇంటికి. 2008 జనవరిలో ఇంకొక్కటి గెలిస్తే సూపర్ బౌల్. వారాల ముందే గేట్స్ కాలి బొటనవేలు కీలు తప్పింది. అదే కాలితో ఆడాడు. రివర్స్ మోకాలి లిగమెంట్ తెగి ఉంది, అతనూ ఆడాడు. న్యూ ఇంగ్లండ్ 21, చార్జర్స్ 12. తర్వాత పాదం నొప్పులు ఏళ్ల తరబడి వదల్లేదు. 2010లో పది మ్యాచ్‌లే ఆడగలిగాడు, ఆ పదింట్లోనే 10 టచ్‌డౌన్లు.

ఇంకో సంగతి. 2015లో నిషేధిత పదార్థం పరీక్షలో దొరికి నాలుగు మ్యాచ్‌లు సస్పెండ్ అయ్యాడు. గాయం నుంచి కోలుకోవడానికి సప్లిమెంట్లు వాడాననీ, అందులో ఏముందో తెలీదనీ చెప్పాడు. తెలీదంటే నేను నమ్మొచ్చు, నమ్మకపోవచ్చు. కానీ ఒంట్లోకి ఏం పోతుందో చూసుకోవాల్సింది అతనే. జిమ్‌లో ఎవడో ఇచ్చిన డబ్బా పౌడర్ తాగే తమ్ముళ్లు ఇక్కడ కూడా ఉన్నారు, అందుకే స్కిప్ చేయలేదు.

2017 సెప్టెంబర్ 17న 112వ టచ్‌డౌన్ పట్టాడు. టోనీ గొంజాలెజ్ 111 దాటేశాడు. టైట్ ఎండ్లలో ఆల్ టైం రికార్డు. ఎక్కడ పట్టాడో తెలుసా? ఆ ఏడాదే టీమ్ శాన్ డియాగో వదిలి లాస్ ఏంజెలెస్ వచ్చేసింది. సొంత స్టేడియం లేదు. సాకర్ ఆడే, ముప్పై వేలమంది కూడా పట్టని చిన్న గ్రౌండ్‌లో అదే వాళ్ల మొదటి హోమ్ మ్యాచ్. పద్నాలుగేళ్లు ఏ ఊరి జనం పేరు పెట్టి అరిచారో, ఆ ఊళ్లో కాదు. పైగా ఆఖర్లో కిక్ మిస్సయి 19-17తో ఆ మ్యాచ్ కూడా ఓడారు. పాపం, ఈ మనిషికి కిక్కర్లతో ఏదో జాతకదోషం ఉంది.

2018లో ముందు వద్దన్నారు. అతని స్థానంలో రావాల్సిన కుర్రాడు హంటర్ హెన్రీకి మోకాలు పోతే మళ్లీ పిలిచారు. 38 ఏళ్ల వయసులో వచ్చి ఆడాడు. మొత్తం 116 టచ్‌డౌన్లు, 955 క్యాచ్‌లు. 2020 జనవరిలో రిటైర్మెంట్. 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి మొదటిసారి అర్హత వచ్చింది, ఎంపిక కాలేదు. 2025లో అయ్యాడు. హాల్ ఉన్నది ఒహాయోలోని క్యాంటన్‌లో, కెంట్ స్టేట్ ఉన్న రాష్ట్రంలోనే.

ఇప్పుడు నా సంగతి.

ఆ పాత వీడియోలో నేను "సాఫ్ట్‌వేర్ జాబ్ వదిలేసి నచ్చిన పనిలోకి వచ్చాను" అన్నాను. నిజం ఏంటంటే నేను వదల్లేదు. ప్రాజెక్ట్ అయిపోయింది, మూడు నెలలు బెంచ్ మీద కూర్చున్నాను, తర్వాత హెచ్ఆర్ మీటింగ్ రూంలోకి పిలిచి రాజీనామా రాయమన్నారు. రాశాను. బీటెక్ చదివించిన నాన్నకి ఈ మాట చెప్పడానికి నాకు ఐదు వారాలు పట్టింది. కెమెరా ముందు ఎలా వచ్చానంటే, ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి ట్రైనింగ్ వీడియోలు చేసేవాణ్ణి. కోడ్ నేను సోసోగా రాసేవాణ్ణి, కానీ వివరించడం బాగా చేస్తానని అందరూ అనేవాళ్లు. చేతిలో మిగిలింది అదొక్కటే, దాన్ని పట్టుకుని ఇటొచ్చాను. అప్పట్లో ఇది నా కల ఏమీ కాదు. ఇప్పుడు ఇష్టం, అది వేరే. వీడియోలో మాత్రం హీరోలా చెప్పుకున్నాను.

తమ్ముడూ, నువ్వు ఏడాది ఆగింది ఆ అబద్ధం చూసి. సారీ.

గేట్స్ కథ చెప్పి "చూశావా, మారితే హాల్ ఆఫ్ ఫేమ్" అంటే అది ఇంకో అబద్ధం. గేట్స్ క్లిక్ అయ్యాక ఎన్ఎఫ్ఎల్ టీమ్‌లు బాస్కెట్‌బాల్ కుర్రాళ్ల కోసం వెతకడం మొదలెట్టాయి. జిమ్మీ గ్రాహం లాంటి ఒకరిద్దరు పెద్దవాళ్లయ్యారు. వచ్చి, క్యాంపులోనే తిరిగి వెళ్లిపోయినవాళ్ల పేర్లు మనకి తెలీవు, వాళ్ల మీద వీడియోలు ఎవరూ చేయరు. నువ్వు లిబెరోకి మారినా సెలెక్ట్ అవుతావని నేను చెప్పలేను. వాలీబాల్ గురించి మీ కోచ్‌కి తెలిసినదాంట్లో నాకు పదో వంతు కూడా తెలీదు. ఆయన ఆ మాట ఎందుకన్నాడో, నీ ఆటలో ఏం చూసి అన్నాడో, అది అడిగావా? మెసేజ్‌లో అది లేదు. "పొట్టి కాబట్టి" అని నువ్వే రాశావు. ఆయన అలా అన్నాడని రాయలేదు.

నీ నంబర్ నా దగ్గరుంది, ఆదివారం పొద్దున ఫోన్ చేస్తా. శనివారం మ్యాచ్ ఉందన్నావు కదా, ఎవరితోనైనా ఫోన్‌లో తీయించు. స్మాష్‌లే కట్ చేసి పంపకు. వెనక నిలబడి బంతి లేపిన సెట్ కూడా పంపు.

మిగతావాళ్లకి, ఆపేసిన స్క్రిప్ట్ వచ్చే వారం వస్తుంది. ఆ పాత వీడియో తీసేయట్లేదు, కింద ఈ ఎపిసోడ్ లింక్ పిన్ చేస్తున్నా. ఉంటానండీ.