నర్గిస్ పువ్వు - మన విషముంగలి
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



వసంతమును గూర్చి మాట్లాడవలెనని కార్యదర్శిగారి ఆజ్ఞ. కోయిలను గూర్చి, మామిడి చిగురును గూర్చి కవిమిత్రులు చదవబోతున్నారు. వృక్షశాస్త్రము చెప్పుకొని బ్రతికినవాణ్ణి, వారి పొలములో నేను దిగను. ఒక పరదేశపు వసంత పుష్పమును గూర్చి చెప్పి, దాని చుట్టమును మన పెరటిలోనే చూపిస్తాను.

తిరువళ్ళూరు, తిరుత్తణి పాఠశాలలలో ఇంగ్లీషు చదువుకున్న మనలో చాలామందికి, వర్డ్స్‌వర్త్ కవి 1807లో ప్రచురించిన డాఫడిల్ పద్యము కంఠస్థమే. పువ్వును కంటితో చూచినవారు మాత్రం అరుదు. శాస్త్రజ్ఞులు ఈ డాఫడిళ్ళన్నిటినీ నార్సిసస్ అనే ఒక్క ప్రజాతిలో చేర్చారు. పారశీక, ఉర్దూ కవులు ప్రియురాలి కంటికి పోల్చే నర్గిస్ కూడా వీటిలోనిదే.

వీటిలో సువాసనకు పేరు పొందినది జాంక్విల్. స్పెయిన్, పోర్చుగల్ దేశములు దాని పుట్టిల్లు. ఆకు సన్నగా, గుండ్రంగా, తుంగకాడవలె వుంటుంది. ఆ పోలికగల గడ్డికి స్పెయిన్ భాషలోవున్న పేరునుండే జాంక్విల్ అన్న మాట వచ్చింది. ఒక్కొక్క కాడకు ఐదు పువ్వులదాకా పూస్తవి, అన్నీ పసుపుపచ్చనివి. ఆరు రేకులు, వాటి నడుమ ఒక చిన్న గిన్నె, క్రింద సన్నని గొట్టము. ఆ గిన్నెయే డాఫడిళ్ళకు గుర్తు. ఫ్రాన్సులో గ్రాస్ పట్టణమువారు దీని పరిమళమును తీసి అత్తరులకు వాడారు. ఆ పరిమళములోని లినలూల్, ఇండోల్ అనే ద్రవ్యములు మన మల్లెలోనూ వున్నవి. కనుక మల్లెమూర కొనే మన ఆడబడుచులకు ఆ వాసన బొత్తిగా పరాయిది కాదు.

మరి తెచ్చి నాటుకోరాదా అంటారు. మనలో కొందరు ఆంధ్రదేశమునుండి వచ్చినవారు. తిరుత్తణివారు మాత్రం 1960 ఏప్రిల్ 1వ తేదీన సరిహద్దు జరిగినందున ఇల్లు కదలకుండానే ప్రవాసులైనారు. మొక్కకు ఈ సౌకర్యము లేదు. పూత అయిన తరువాత జాంక్విల్ ఆకులు కొంతకాలము ఆహారము వండి గడ్డలో దాచి, ఎండిపోతవి. వేసవి అంతా గడ్డ నేలలో నిద్రిస్తుంది. ఆ నిద్రలోనే వచ్చే ఏటి మొగ్గ లోపల తయారవుతుంది. ఆ మొగ్గ కాడతో పైకి లేవవలెనంటే డాఫడిళ్ళలో చాలావాటికి సుమారు మూడు నెలలపాటు 10 డిగ్రీలకు లోపు చలి తగలాలి. జాంక్విల్ కొంత వేడిని ఓర్చుకొనేదే. అయినా పుష్యమాసములో మనము దుప్పటి కప్పుకొనే తిరుత్తణి రాత్రి, దాని లెక్కలో వేసవే! ఇక మే నెలలో ఇక్కడి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. గడ్డను ఫ్రిజ్జులో వుంచి ఒకసారి పూయించవచ్చునేమోగాని, ఇక్కడ అది ఏళ్ళ తరబడి సంసారము చెయ్యదు.

ఇప్పుడు దాని చుట్టము. ఆడికృత్తికకు కొండ ఎక్కే పుష్పకావళ్ళలోని పువ్వులన్నీ మనకు పేరుపేరునా తెలుసును. కాని తోటలలో, నీటి ఒడ్డులలో పెరిగే విషముంగలిని అడిగితే "ఏదో లిల్లీ" అంటారు పిల్లలు. పాత ఓషధీ గ్రంథములలో దీనికి కేసరిచెట్టు, లక్ష్మీనారాయణచెట్టు అనే పేర్లు కూడా వున్నవి. అరవములోనూ విషమూంగిల్ అనే అంటారు. శాస్త్రనామము క్రైనమ్ ఏషియాటికమ్. మూడడుగుల ఆకులు, ఆకులేని లావుపాటి కాడ, దానిమీద గుత్తిగా తెల్లని పువ్వులు. సాయంకాలము విచ్చుకొని రాత్రి గుబాళిస్తవి; పొడుగు తొండముగల రాత్రి సీతాకోకల కొరకే ఆ ఏర్పాటు. జాంక్విల్‌కున్న గిన్నె దీనికి లేదు. అయినా గడ్డ, ఆరు రేకులు, ఆరు కేసరములు రెంటికీ వున్నవి. అంతకంటె ముఖ్యము, దోసపిందెవలె కాయ పువ్వు క్రింద కడుతుంది. ఎర్రగడ్డ పువ్వులోనైతే కాయ రేకుల నడుమ వుంటుంది. 2009లో శాస్త్రజ్ఞులు ఎర్రగడ్డను, తెల్లగడ్డను కూడా ఈ కుటుంబములోనే చేర్చారు.

ఈ బంధుత్వము వంటింటిదాకా వస్తే ప్రమాదము. జాంక్విల్‌లోనూ విషముంగలిలోనూ లైకోరిన్ వంటి విషపదార్థములున్నవి. గడ్డ తిన్నవారికి వాంతులు, విరేచనములు తప్పవు. 2009లోనే ఇంగ్లండులో సఫోక్ ప్రాంతపు ఒక బడిలో, ఎర్రగడ్డ అనుకొని డాఫడిల్ గడ్డను సూపులో వేసినందున పిల్లలు అస్వస్థులైనారు. అక్కడ తోటలో పెంచేవాటిని గుర్తుపట్టలేకపోతే, పేరే మరచిన మన పిల్లలు దీనిని ఎట్లా గుర్తుపడతారు? పెద్దలు "విష" మని పేరులోనే కట్టి ఇచ్చారు. లిల్లీ అనడముతో ఆ హెచ్చరిక కాస్తా పోయింది. కోస్తే ఎర్రగడ్డ వాసన రాని గడ్డను, అమ్మలారా, పొయ్యిదగ్గరకు రానివ్వకండి. వాసన చూచే పని కూడా పిల్లలకు అప్పగించకండి.

ఇదే కుటుంబములో మందు కూడా వున్నది. డాఫడిళ్ళలో దొరికే గాలంటమైన్‌ను మతిమరుపు వ్యాధి అయిన ఆల్జీమర్స్‌కు వాడడానికి 2001లో అమెరికా ప్రభుత్వము అనుమతించింది. దానికోసమే వేల్సు కొండలలో డాఫడిళ్ళు సాగుచేశారు. అది వైద్యుల చేతిలో కొలతతో ఇచ్చే మందు. పెరటి వైద్యమునకు పనికిరాదు.

విషముంగలి గింజ ఒక వింత. నిమ్మకాయంత లావు వుండవచ్చును, బెండువలె నీటిమీద తేలుతుంది. మన్నూ నీరూ లేకుండా గూటిలో పెట్టినా మొలకెత్తుతుంది. పిల్లలకు చూపదలచినవారు ఒక గింజను పళ్ళెములో పెట్టి, వారికి అందని ఎత్తున వుంచి, రోజూ చూపండి. ముట్టుకుంటే వెంటనే చేతులు కడిగించండి. మొలకకు ఆకు వచ్చాక కుండీలో పాతితే సరిపోతుంది.