నీళ్లు పట్నానికి, మురుగు మనకా?
(మూసీ ఒడ్డు పల్లెల సభలో చేసిన ప్రసంగం)



పట్నం, పల్లె కలిసి ఎదగాలని పెద్దలు అంటున్నరు. సరే, కలుద్దాం. ముందు లెక్క తేలాలె.

1908 వరదల తర్వాత గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టిన్రు. అవి చాలక మంజీర నీళ్లు తెచ్చుకున్నరు. 2004 నుంచి కృష్ణ నీళ్లు నల్లగొండ జిల్లా మీదుగా పైపుల్లో పట్నం పోతున్నయి. ఫ్లోరైడ్‌తో నడుములు వంగిపోయిన జిల్లా అది! తాగిన పట్నం మనకు తిరిగి పంపిందేంది? మూసీ నిండా మురుగు. ఆ నీళ్లల్ల దిగి నాట్లేసేది మన ఆడోళ్లే. కాళ్లకు పుండ్లు, ఒళ్లంతా దురద. ఆ ఒడ్డు గడ్డి మేసిన బర్రెల పాలు మాత్రం మళ్లీ పట్నానికే! అక్కడ మురుగు కాల్వల దిగేదీ మనోళ్లే.

ఇగ భూమి. అసైన్డ్ భూములు అమ్మొద్దు, కొనొద్దని 1977లో చట్టం చేసిన్రు. పేదల భూమి దొరల పాలు కావొద్దని పెట్టిన చట్టం, మంచిదే. కానీ పట్నం దగ్గరికి రాంగనే సర్కారే వాపసు అంటది. పక్కన పట్టా భూమి ఎకరం కోట్లు పలుకుతది, మన చేతిల పాత కాగితం మిగులుతది.

1992 సవరణతో రాజ్యాంగంలోకి 243-జెడ్‌ఇ అధికరణం వచ్చింది. మహానగర ప్రాంతానికి ప్రణాళికా కమిటీ ఉండాలె. అందులో కనీసం మూడింట రెండొంతుల మందిని మునిసిపల్ సభ్యులు, పంచాయతీ అధ్యక్షులు తమలోంచి ఎన్నుకోవాలె. అడగాల్సింది దయ కాదు, ఆ కుర్చీలు. వచ్చే గ్రామసభలో ఇదే తీర్మానం పెడదాం. సంతకాలు మాల, మాదిగ వాడల నుంచే మొదలుపెడదాం. కాగితం మేం రాసి తెస్తం.