నలుగురు కూర్చుండు బల్ల



మన పఠనమందిరమున ఒకే పత్రికను నలుగురు చుట్టును చేరి చదువుట అలవాటు. ఆ బల్లయే కంప్యూటరైనచో? 2007లో మైక్రోసాఫ్టు సంస్థ ‘సర్ఫేస్’ అను పేర అట్టి బల్లను ప్రకటించినది. పలక క్రిందినుండి పరారుణ కాంతి ప్రసరింపగా, అయిదు కెమెరాలు అనేకుల వ్రేళ్లను ఒక్కమారే కనిపెట్టెడివి. వెల సుమారు 10,000 డాలర్లు! అది హోటళ్లకు, దుకాణములకు పోయినది.

ఆ యేడే వచ్చిన ఐఫోను స్పర్శవిద్యను ఒక్కొక్కరి జేబులోనికి చేర్చినది. మేలే, కాని దానిని చూచువాడు ఒంటరి. కోయ మాటలాడు పిల్లలును, తెలుగు మాటలాడు పిల్లలును ఒకే పటముపై చేతులుంచి, కూనవరమువద్ద శబరి గోదావరిలో కలియు తావును వెదకుటకు బల్లయే తగును. నేడు పెద్ద స్పర్శతెరల వెల చాల తగ్గినది. క్రొత్త బీరువా కొనుటకు ముందు కార్యవర్గమువారు ఈ సంగతి ఆలోచింపవలెనని కోరుచున్నాను.