మూడో చీర ధర ఎంత?



బతుకమ్మ పండుగ ముందర గద్వాలకు పోతే బట్టల దుకాణాల మీద పెద్ద పెద్ద గుడ్డ బోర్డులు కనబడతాయి. 'రెండు చీరలు కొంటే ఒకటి ఉచితం' అని రాసి ఉంటుంది. అక్షరాలు జానెడేసి ఉంటాయి. దూరం నుంచే చదవవచ్చు. 'ఉచితం' అనే మాట పక్కన ఒక చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. ఆ గుర్తు సంగతి బోర్డు కింది అంచున, చీమ తలంత అక్షరాల్లో ఉంటుంది. దాన్ని చదివేవాళ్ళు తక్కువ. కొన్నది బాగుంటే చదవకున్నా నడుస్తుంది. బాగాలేక వాపసు ఇవ్వవలసి వస్తేనే చిక్కు.

ఒకామె సంగతి చెప్పుకుందాం. పేరు అక్కర్లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఏ ఊళ్ళోనైనా ఉండే మనిషి అనుకోండి. ఆమె సీడు పత్తి చేలల్లో క్రాసింగు పనికి పోయింది. కూలి పైసలు కూడబెట్టింది. పండుగకు బిడ్డలిద్దరూ అత్తగారి ఇండ్ల నుంచి వస్తారు. వాళ్ళకు రెండు చీరలు, తనకు ఒకటి కావాలి. పెబ్బేరులో బస్సెక్కింది. బీచుపల్లి కాడ కృష్ణ దాటింది. ఎర్రవల్లి చౌరస్తా మీదుగా గద్వాల చేరింది.

బోర్డు చూసి దుకాణంలోకి పోయింది. మూడు చీరలు ఏరుకుంది. పెద్దబిడ్డకు 900 రూపాయలది, చిన్నబిడ్డకు 600ది, తనకు 500ది. మొత్తం 2,000. తక్కువ ధర చీర ఉచితం కింద పోయింది. 1,500 కట్టింది. బిల్లు తీసుకుని కొంగున ముడేసుకుంది.

నాలుగో రోజు పెద్దబిడ్డ చీర విప్పి చూస్తే, పమిట చెంగు కాడ బెత్తెడు మేర నేత చెడి చిల్లు పడి ఉంది. ఇంటికి వచ్చిన బిడ్డకు చిల్లు చీర పెట్టేదెట్లా? మళ్ళీ బస్సెక్కింది.

దుకాణం సేటు చీర చూసి, "అమ్మా, ఇది ఫ్రీ చీర. ఫ్రీ దానికి వాపసు ఎక్కడిది?" అన్నాడు.

ఆమె కొంగు ముడి విప్పి బిల్లు తీసింది. రాత్రి బడిలో చదువు నేర్చిన మనిషి. బిల్లు మీద మాటలు ఇంగ్లీషులో ఉన్నా, అంకెలు అంకెలే కదా.

"సేటూ, ఫ్రీ పోయింది అయిదు నూర్లది. ఇది తొమ్మిది నూర్లది. బిల్లుల రాసే ఉన్నది, చూడు" అంది.

సేటు బిల్లు కింద ఉన్న ముద్ర చూపించాడు. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని తెలుగులోనే ఉంది. ఆమె అదీ చదివింది. కానీ కదలలేదు.

సేటు కాగితం తీసుకుని లెక్క వేశాడు. "నీ కాడ రెండు చీరలు మిగిలినయి. ఆరు నూర్లు, అయిదు నూర్లు. పదకొండు నూర్లయింది. నువ్వు కట్టింది పదిహేను నూర్లు. నాలుగు నూర్లు ఇస్త, తీస్కపో."

900 చీరకు 400 వాపసు! ఈ లెక్క సరైనదేనా? ఇక్కడ కొంచెం ఆగి చూద్దాం.

ముందు ఉచితం అనే మాట చూద్దాం. 2019 మార్చి 7న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఒక సర్క్యులర్ ఇచ్చింది. జీఎస్టీ పన్ను ఎట్లా లెక్క కట్టాలో చెప్పే కాగితం అది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అని అమ్మితే, రెండోది ఊరికే ఇచ్చినట్టు కాదని, రెండు వస్తువులను కలిపి ఒకే ధరకు అమ్మినట్టని అందులో ఉంది. అంటే సర్కారు లెక్కలో ఊరికే వచ్చిన చీర ఏదీ లేదు. మూడు చీరల ధర 1,500. అందుకని సేటు మొదట అన్న మాట నిలబడదు. చిల్లు 500 చీరకే పడి ఉన్నా నిలబడదు.

ఇప్పుడు లెక్క. 2,000 సరుకుకు 1,500 కట్టింది. అంటే రూపాయికి ముప్పావలా. అట్లా చూస్తే 900 చీరకు పడింది 675. 600 చీరకు పడింది 450. 500 చీరకు పడింది 375. మూడూ కూడితే 1,500. సేటు ఇస్తానన్నది 400. రెంటికీ తేడా 275 రూపాయలు. ఆమె 900 అడిగితే అదీ న్యాయం కాదు. అంత ఆమె కట్టలేదు.

సేటు లెక్క పూర్తిగా తప్పని కూడా అనలేం. రంగు నచ్చలేదని ఆమె ఒక చీర తెచ్చి ఇస్తే, 'నువ్వే బేరం విడగొట్టినవు, మిగిలిన వాటికి పూర్తి ధర పడుతుంది' అనవచ్చు. నచ్చలేదంటే తీసుకోవాలని చట్టంలో లేదు. దుకాణం ముందుగా ఏ మాట ఇచ్చిందో ఆ మాటే. ఆ మాట తరచు నక్షత్రం గుర్తు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. కానీ ఇక్కడ చెడింది రంగు కాదు, నేత. చెడ్డ సరుకు ఇచ్చింది దుకాణం. బేరం విడగొట్టింది కూడా దుకాణమే. దాని నష్టం కొన్నామె మీద వేయడం అన్యాయం.

మరి ముద్ర సంగతి? వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం చేశారు. అది 2020 జులైలో అమలులోకి వచ్చింది. లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులోపల తెచ్చినా వాపసు తీసుకోకపోవడం, డబ్బు తిరిగి ఇవ్వకపోవడం అక్రమ వ్యాపారమని ఈ చట్టం చెబుతుంది. బిల్లులో గడువు రాయకపోతే 30 రోజులు. ఆమె వచ్చింది నాలుగో రోజున. రబ్బరు ముద్ర వేసినంత మాత్రాన చట్టం చెరిగిపోదు.

బిల్లు ఇవ్వకపోవడం కూడా ఈ చట్టం ప్రకారం తప్పే. జీఎస్టీ కట్టే దుకాణంలో 200 రూపాయల లోపు కొంటే, మనం అడగకపోతే బిల్లు ఇవ్వకపోవచ్చు. అడిగితే ఇవ్వాలి. ఇంకో మాట. ఇప్పుడు మిషను బిల్లులు వచ్చాయి. వేడి తగిలినా, కొన్ని నెలలు గడిచినా వాటి అక్షరాలు మాసిపోతాయి. పెద్ద కొనుగోలు అయితే అదే రోజు జిరాక్సు తీయించుకోవాలి. కొంగున ముడేసిన బిల్లు చెమటకు ఏమవుతుందో చెప్పనక్కర లేదు!

కిరాణా కొట్టులోనూ ఇదే సంగతి. చాయపత్తి పొట్లం మీద గ్లాసు ఉచితం అని అచ్చు వేసి ఉంటే, ఆ గ్లాసు విప్పి పక్కన పెట్టుకునే హక్కు కొట్టువానికి లేదు. దాని ధర పొట్లం ధరలోనే ఉందని గుర్తుంచుకోవాలి. యూరియా బస్తా కావాలంటే ఈ మందు డబ్బా కూడా కొనాల్సిందే అనేది ఇంకో రకం. అందులో ఉచితమే లేదు, బలవంతమే. అదీ చట్టం ఒప్పదు.

దుకాణదారు వినకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. ఖర్చు లేదు. తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేండ్ల లోపల ఫిర్యాదు ఇవ్వాలి. కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. కొన్నది గద్వాలలో అయినా, మనం ఉండే చోటును బట్టి కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. 275 రూపాయల కోసం ఎవరు తిరుగుతారని అంటారు. నిజమే. బస్సు చార్జీలు, కూలి పోగొట్టుకున్న రోజులు కలిపితే అంతకన్నా ఎక్కువే అవుతుంది. అందుకే సగం మంది చిల్లు చీర మడత పెట్టి పెట్టెలో దాచేస్తారు. ఫోనుకైతే ఆ ఖర్చు ఉండదు.

మళ్ళీ దుకాణంలోకి పోదాం. సేటు నాలుగు నూర్లు గల్లా మీద పెట్టాడు. ఆమె వాటిని ముట్టలేదు. సంచిలో నుంచి మిగిలిన రెండు చీరలు కూడా తీసి ముందర పెట్టింది.

"బేరం మూడు చీరలకు అయింది సేటూ. అయితే మంచి చీర ఇయ్యి. లేదంటే మూడూ తీస్కో, నా పదిహేను నూర్లు ఇయ్యి" అంది.

పండుగ గిరాకీ. దుకాణం నిండా ఆడవాళ్ళు. పక్కన చీరలు ఏరుతున్న ఇద్దరు తమ చేతుల్లోని చీరలు కింద పెట్టి, ఏం జరుగుతుందా అని చూస్తున్నారు. సేటు పనివాణ్ణి పిలిచాడు. "తొమ్మిది నూర్లవి దించురా" అన్నాడు.

ఆమె ఆకుపచ్చ చీర ఒకటి ఏరుకుంది. ఈసారి సంచిలో పెట్టుకోలేదు. గడప దగ్గరికి తీసుకుపోయి, ఎండ వెలుతురులో చెంగు నుంచి చెంగు దాకా, మడత మడతా విప్పి చూసింది. బిల్లు మీద చీర మార్చిన తేదీ రాయించుకుంది. రెండు గంటల బస్సు అందింది.