కర్ణుడి చావు, నెడ్ స్టార్క్ చావు
(అమెరికాలోని ఫ్రిస్కో నుంచి అంతర్జాల సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)



సుదీర్ఘ కథల్లో పాత్రల మరణం గురించి మాట్లాడమని ఈ సమావేశ నిర్వాహకులు అన్నారు. నేను తీసుకున్న ఉదాహరణ ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’. సాహిత్య సభలో టీవీ కథేమిటని పెద్దలు అనుకోవచ్చు. కానీ 2019 ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఫ్రిస్కోలో ఆదివారం రాత్రి ఎనిమిదింటికి దాని చివరి భాగాలు వచ్చేవి. మర్నాడు ఆఫీసు భోజనాల దగ్గర, సాయంత్రం క్రికెట్ మైదానంలో, వారాంతం పుట్టినరోజు విందుల్లో మన తెలుగు పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు కూడా గంటల తరబడి వాదించుకున్నారు. ఆ పాత్ర అలా చచ్చిపోవడం న్యాయమా? కథ ఎక్కడ దెబ్బతింది? ఒక కథ మీద తెలుగువాళ్ళు అంత పట్టుదలగా వాదించుకోవడం ఈ మధ్య నేను చూడలేదు. అందుకే దీన్ని మన సభలోకి తెచ్చాను.

తెలియనివారికి రెండు మాటల్లో చెబుతాను. జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ 1996లో మొదలుపెట్టిన నవలల వరుస దీనికి మూలం. హెచ్‌బీఓలో 2011 ఏప్రిల్ నుంచి 2019 మే దాకా ఎనిమిది సీజన్లు, 73 భాగాలు వచ్చాయి. ఐదో నవల 2011లో వచ్చింది, ఆరోది ఇప్పటికీ రాలేదు. ఐదో సీజన్ అయ్యేసరికి టీవీ కథ నవలల్ని దాటిపోయింది. నాణ్యత అక్కడినుంచే తగ్గిందని అభిమానుల్లో చాలామంది అంటారు. నేనూ చాలావరకు ఒప్పుకుంటాను. అయితే ఏం తగ్గిందో విడమరిచి చూడాలి.

మన పెద్దలు ‘కర్ణుడి చావుకు వంద కారణాలు’ అంటారు. పరశురాముడి శాపం, బ్రాహ్మణుడి శాపం, ఇంద్రుడికి ఇచ్చేసిన కవచకుండలాలు, కుంతికి ఇచ్చిన మాట, రథం మీద కూర్చుని ఉత్సాహం చంపే శల్యుడు. అర్జునుడి కోసం దాచుకున్న శక్తి ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. రథచక్రం నేలలో దిగబడే నాటికి ఆ చావు వచ్చి తీరాల్సిందే అన్నట్టుంటుంది. అయినా మనకు దుఃఖం ఆగదు. ఈ సామెతను నేను కథకుడికి పెట్టే పరీక్షగా తీసుకుంటున్నాను. చావుకు ముందు కారణాలు ఉండాలి.

ఈ పరీక్షతో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ మొదటి సీజన్ తొమ్మిదో భాగం చూడండి. నెడ్ స్టార్క్‌ను కథానాయకుడనుకున్నాం. అతని తల తెగింది. ప్రేక్షకులు నిర్ఘాంతపోయారు. వెనక్కి వెళ్ళి చూస్తే కారణాలు వరుసగా కనిపిస్తాయి. పిల్లలు రాజుకు పుట్టినవారు కాదన్న రాణి సెర్సీ రహస్యం తెలుసుకుని, పిల్లల్ని తీసుకుని పారిపొమ్మని ఆమెకే ముందుగా చెప్పాడు. అది దయ. సైన్యంతో సాయం చేస్తానన్న రాజు తమ్ముడు రెన్లీని కాదన్నాడు. అది ధర్మం. కుట్రదారు మంత్రి లిటిల్‌ఫింగర్‌ను నమ్మాడు. అది అమాయకత్వం. చివరికి కూతుళ్ళ ప్రాణాల కోసం, జీవితమంతా కాపాడుకున్న పరువును వదులుకుని, జనం ముందు తానే ద్రోహినని అబద్ధం ఒప్పుకున్నాడు. అయినా కుర్ర రాజు జాఫ్రీ కనికరించలేదు. తీర్పు చెప్పినవాడే కత్తి ఎత్తాలని మొదటి భాగంలో కొడుక్కి నేర్పిన మనిషి, తన కత్తితోనే, మరొకరి చేతిలో చచ్చిపోయాడు. అతని మంచితనమే అతన్ని అక్కడికి నడిపించింది.

రెండో పరీక్ష, చావు తర్వాత కథ మారాలి. అభిమన్యుడు పద్మవ్యూహంలో కూలిపోతే ఆ రాత్రే అర్జునుడు ప్రతిజ్ఞ చేశాడు, మర్నాడు పొద్దుగుంకేలోగా సైంధవుణ్ణి చంపుతానని. ఒక్క పిల్లవాడి చావుతో మర్నాటి యుద్ధమంతా ఒకే మనిషి చుట్టూ తిరిగింది. నెడ్ చావు కూడా అంతే, దేశాన్ని యుద్ధంలోకి నెట్టింది, ఇల్లంతా చెల్లాచెదురైంది.

ఇప్పుడు చివరి సీజన్‌కు రండి. మొదటి సీన్ నుంచి భయపెట్టిన మృత్యుసేన నాయకుడు నైట్ కింగ్ మూడో భాగంలో ఒక్క కత్తిపోటుకు పోయాడు. అంత చలి, అంత చీకటి, అన్నేళ్ళ భయం! తర్వాతి భాగానికల్లా అందరూ మళ్ళీ సింహాసనం తగాదాలో పడిపోయారు. నైట్ కింగ్ సేనతో జరిగిన ఆ యుద్ధంలోనే శవాల గుట్టల కింద చిక్కుకున్న ముఖ్య పాత్రలు చాలావరకు బతికి బయటపడ్డాయి. అభిమానుల ఫిర్యాదు చచ్చినవాళ్ళ గురించే అనుకోవద్దు. చావాల్సినవాళ్ళు చావకపోవడం కూడా కథ మీద నమ్మకం పోగొడుతుంది.

సింహాసనం కోసం వచ్చిన డ్రాగన్ల రాణి డెనేరిస్ సంగతి ఇంకా బాధాకరం. రాజధాని నగరం లొంగిపోయిందని గంటలు మోగాక కూడా ఆమె జనాన్ని తగలబెట్టింది. బీజాలు లేవని నేననను. మీరీన్ నగరపు బానిస యజమానుల్ని శిలువ వేయించింది, తనకు లొంగని టార్లీ తండ్రీకొడుకుల్ని తగలబెట్టించింది. కానీ బీజం నుంచి చెట్టుకు కాలం పట్టాలి. మొదటి ఆరు సీజన్లకు తలా పది భాగాలు, చివరి రెంటికీ ఏడు, ఆరు. మొదట్లో రాజుగారు వింటర్‌ఫెల్ చేరడానికి నెల పట్టిన దారిని చివర్లో పాత్రలు ఒక్క భాగంలో దాటేశాయి. దారి కుదించినవారు మనసుల్నీ కుదించారు. అనౌచిత్యమే రసభంగానికి కారణమని ఆలంకారికుడు ఆనందవర్ధనుడు ఎప్పుడో చెప్పాడు. చివరి సీజన్ మళ్ళీ తీయాలని పది లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. 2019లోనే దానికి ఉత్తమ నాటకీయ ధారావాహికగా ఎమ్మీ వచ్చింది. బహుమతి వచ్చినా ప్రేక్షకుల బాధ తీరలేదు.

ఇది పరాయి దేశపు గొడవ కాదు. 2022లో ‘కార్తీక దీపం’ సీరియల్లో నాయిక వంటలక్కను, నాయకుడు డాక్టర్ బాబును ప్రమాదంలో చంపేసి కథను తర్వాతి తరానికి తీసుకెళ్ళారు. మన ఇళ్ళలో ఎంత రభస జరిగిందో మీకు గుర్తుంటుంది. అదే ఏడాది ఇద్దర్నీ తిరిగి తెచ్చారు. చంపి బతికించడం మొదలుపెడితే తర్వాతి ఏ చావుకూ కన్నీళ్ళు రావు. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో చనిపోయి మళ్ళీ బతికిన జాన్ స్నో విషయంలోనూ జరిగింది అదే.

ముగింపు ముందే తెలిస్తే కథ చెడిపోతుందనే మాటను నేను ఒప్పుకోను. పల్నాటి కారంపూడిలో ఏటా కార్తీకం చివర్లో వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు. పల్నాటి యుద్ధానికి వెళ్ళిన బాలచంద్రుడు తిరిగి రాడని అక్కడ పసిపిల్లలకూ తెలుసు. అయినా వస్తారు, వింటారు, ఏడుస్తారు. ‘మాయాబజార్’లో శశిరేఖను పెళ్ళాడిన అభిమన్యుడికి రాబోయేది ఏమిటో తెలిసే మనం ఆ పెళ్ళి సందడిని చూస్తాం. గుట్టు విప్పి ఆశ్చర్యపరచడం కథలో చిన్న పని. తెలిసిన చావుకు కూడా మనల్ని ఏడిపించడం పెద్ద పని.

చివరగా ఒక విన్నపం. మన పిల్లలు డెనేరిస్ గురించి వాదిస్తుంటే పక్కన కూర్చోండి, వాళ్ళకు కర్ణుడి కథ చెప్పండి. తేడా వాళ్ళే పట్టుకుంటారు. మన సభల్లో పుస్తకాన్ని పొగిడి శాలువా కప్పి లేచిపోతున్నాం. ‘మైదానం’లో అమీర్ చావు గురించి, ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావు చావు గురించి ఆ పిల్లలు వాదించినంత గట్టిగా మనమూ వాదిద్దాం. వచ్చే నెల సమావేశాన్ని అందుకే కేటాయించమని నిర్వాహకుల్ని కోరుతున్నాను.