లాకులు, బ్యాంకులు, నానార్థములు

ఇంగ్లీషు నేర్చుకొనుటకు పూనుకొన్నవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టునవి పెద్ద మాటలు కావు, చిన్న మాటలు. పొడుగాటి పదము ఎదురైనచో విద్యార్థి జాగ్రత్తపడి నిఘంటువు తెరచును. నాలుగక్షరముల మాట కనబడినప్పుడు 'ఇది మనకు తెలిసినదే' యని దాటిపోవును. తెలియని మాట మనలను ఆపును. సగము తెలిసిన మాట దారి తప్పించును. ఈ సంగతిని గూర్చి నేడు కొంత ముచ్చటింపదలచినాము. ఉదాహరణములకై దూరము పోనక్కరలేదు. మన కృష్ణా డెల్టా కాలువగట్ల మీదనే కావలసినన్ని దొరకును.

మొదట 'లాకు' అను మాటను తీసికొందము. విజయవాడలో బందరు లాకులను, కృష్ణకు ఆవల దుగ్గిరాల లాకులను ఈ ప్రాంతమువారు ఎరుగుదురు. 1852-55 సంవత్సరములలో, సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన పథకము ననుసరించి, విజయవాడవద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిరి. ఆ కాలువలు పొలములకు నీరిచ్చుటకే గాక పడవలు నడచుటకు గూడ ఉపయోగపడినవి. నేల వాలును బట్టి కాలువ మెట్టుమెట్టుగా దిగును. నీటిమట్టము మారిన తావున పడవ దిగుట ఎట్లు? అందుకై రెండు వైపుల తలుపులుగల తొట్టివంటి కట్టడము నిర్మించిరి. పడవ లోనికి వచ్చిన పిదప వెనుక తలుపులు మూసి, నీటిని మెల్లగా వదలి, మట్టము సమమైన తరువాత ముందరి తలుపులు తెరతురు. దీనిని ఇంగ్లీషువారు 'లాక్' అన్నారు. మనవారు దానికి ఒక ఉకారము తగిలించి, బహువచనము చేర్చి, 'లాకులు' అని తమది చేసికొన్నారు. పడవల రాకపోకలు సన్నగిల్లినను పేరు నిలిచినది.

పాఠములో 'పడవ లాకువద్ద ఆగినది' అను ఇంగ్లీషు వాక్యము వచ్చినదనుకొందము. పట్టణపు పిల్లవానికి ఆ మాటకు 'తాళము' అని మాత్రమే తెలియును. పడవ తాళమువద్ద ఆగుట యేమో అతనికి బోధపడదు. కాలువగట్టున పెరిగిన పిల్లవానికి వాక్యము వెంటనే అర్థమగును. కాని తలుపునకు వేయు లాకునకును, తన ఊరి లాకులకును చుట్టరికమున్నదని అతనికి తోచకపోవచ్చును. మూసి అడ్డగించుట యను భావము రెంటికిని మూలము. తాళము తలుపును అడ్డగించును; లాకు నీటిని అడ్డగించును. అయితే ఇంగ్లీషులో తలవెండ్రుకల పాయను గూడ 'లాక్' అందురు. అది మరియొక పాతమాట. కాలక్రమమున ఉచ్చారణ ఒకటై రెండును కలిసిపోయినవి.

ఇక 'బ్యాంకు'. కృష్ణా జిల్లావారికి ఈ మాట కొత్తది కాదు. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో విలీనమగువరకు ఆ పేరు ఇంటింట వినబడినది. ఇదే మండలమున కె.ఇ.బి. కాలువ యున్నది. ఆ మూడక్షరములకు 'కృష్ణా ఈస్ట్ బ్యాంక్' అని విస్తరణ. ఇచ్చట డబ్బు ప్రసక్తి లేదు. బ్యాంకు అనగా ఏటి ఒడ్డు. తూర్పు ఒడ్డు అనుటకు కారణము కలదు. విజయవాడ దాటిన పిమ్మట కృష్ణ దక్షిణమునకు మళ్లును గనుక అచ్చటి గట్లు తూర్పు, పడమర లగుచున్నవి. నదికి కుడి ఎడమలు చెప్పవలసినప్పుడు ప్రవాహము పోవు దిక్కునకు మొగమై నిలిచి చెప్పవలెను. ఆ లెక్కన విజయవాడ ఎడమ ఒడ్డున, సీతానగరము కుడి ఒడ్డున ఉన్నవి.

డబ్బు దాచు బ్యాంకు ఇటలీ దేశమునుండి వచ్చినది. అచ్చటి నాణెముల వర్తకులు ముందు బల్ల వేసికొని వ్యాపారము చేసెడివారు. ఆ బల్ల పేరే సంస్థకు పేరైనది. దివాలాకు ఇంగ్లీషువారు వాడు 'బ్యాంక్రప్ట్' అను మాటకు మూలములో 'విరిగిన బల్ల' అని అర్థము. ఈ కథ ఒక్కసారి విన్నవారు ఆ రెండు మాటలను మరువరు.

ఒక మాటకు ఇన్ని అర్థము లేల యని ఇంగ్లీషును తప్పుపట్టుటకు మనకు అధికారము లేదు. అమరకోశములో నానార్థవర్గమని ప్రత్యేకముగ ఒక భాగమే యున్నది. ఒక్క 'హరి' శబ్దమునకు విష్ణువు, సింహము, కోతి, గుఱ్ఱము మొదలగు అర్థము లెన్నియో చెప్పుదురు. పింగళి సూరన 'రాఘవపాండవీయము'న ఒకే పద్యములలో రామాయణ భారత కథలు రెంటిని నడిపినాడు. అంతదూర మేల? 'పాలు' అనగా త్రాగునవి, వాటా కూడ. 'అడుగు' అనగా పాదము, కొలత, పాత్ర క్రిందిభాగము. ఒకరిని ప్రశ్నింపుమనుట గూడ. 'అన్నదమ్ములు పాలు పంచుకొన్నారు' అన్నచో ఇంటిసంగతి ఎరిగిన తెలుగువాడు తికమకపడడు. ప్రక్కనున్న మాటలు అతనికి దారి చూపును. ఇంగ్లీషుకును అదియే దారి.

కావున విద్యార్థులకు మూడు సూచనలు. మాటను ఒంటరిగా వల్లెవేయక వాక్యముతో కూడ వ్రాసికొనవలెను. నిఘంటువులో మొదటి అర్థముతో ఆగక, తుదివరకు చదివి, మన వాక్యమునకు పొసగినదానిని ఎన్నుకొనవలెను. అర్థములన్నిటికి మూలమైన ఒక్క భావము దొరకునేమో వెదకవలెను. దొరకనిచో అవి రెండు వేరు మాటలై యుండవచ్చునని గ్రహింపవలెను.

ఇది పరీక్షల మార్కులతో ముగియు వ్యవహారము కాదు. 'ఇంటరెస్ట్' అను మాటను చూడుడు. బడిలో దానికి 'ఆసక్తి' అని చెప్పుదురు. బ్యాంకు కాగితములో అది 'వడ్డీ'. ఆస్తి దస్తావేజులో అదే మాట 'హక్కు'. పుట్టింటి భూమిని గూర్చిన ఇంగ్లీషు కాగితమొకటి ఒక ఆడపడుచు ముందు పెట్టినారనుకొందము. 'ఈ ఆస్తిలో నాకు ఇంటరెస్టు లేదు' అని అందులో ఉన్నది. తనకు ఆసక్తి లేదనియే గదా అని ఆమె చేవ్రాలు చేసినచో, తనకు హక్కు లేదని ఒప్పుకొన్నట్లగును. ఆమె చదువుకొన్నదే, మాట తెలిసినదే, తెలిసినది ఒక్క అర్థమే.

అందుచేత, ఇంగ్లీషు కాగితముపై సంతకము చేయునప్పుడు తెలియని మాటకు మాత్రమే గాక, తెలిసిన మాటకు గూడ ఒక్కసారి ఆగుడు. 'ఇచ్చట దీని అర్థమేమి?' అని ఎదుటివారిని అడుగుడు. వారు చెప్పినది తెలుగులో వ్రాసి యిమ్మని కోరుడు. అట్లు కోరుటలో చిన్నతనము లేదు.